మదీనాగూడలో విన్న చప్పుడు

ముప్పై నాలుగేళ్ళు నేను సినిమాల్లో దెబ్బలు కొట్టాను. తెర మీద కాదు, తెర వెనక. చెన్నైలో ఒక చీకటి గదిలో మైకు ముందు కూర్చుని, తెర మీద బొమ్మ కదిలినట్టల్లా దానికి తగ్గ చప్పుడు చెయ్యడం నా ఉద్యోగం. ఎముక విరగాలంటే మునక్కాడ విరవాలి. కత్తి దిగాలంటే క్యాబేజీలో దించాలి. పొట్టలో గుద్దుకి తోలు సంచీ, చెంపదెబ్బకి నా ఎడమ తొడ. ఎన్ని వేల చెంపదెబ్బలు తిందో పాపం ఆ తొడ. మా వాళ్ళు నన్ను దెబ్బల రావు అనేవారు.

ఇప్పుడు చీరాలలో ఉంటున్నాను. నా భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో ఫ్యాను చప్పుడూ నేనూ తప్ప ఎవరూ లేరు. అందుకే హైదరాబాదు నుంచి శ్రీధర్ అనే కుర్రవాడు ఫోన్ చేసి, ఒక చర్చకి రమ్మనగానే, ఎందుకూ ఏమిటీ అని అడక్కుండానే వస్తానన్నాను.

శ్రీధర్‌ది నంద్యాల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు, అక్కడి సాంస్కృతిక కమిటీకి కార్యదర్శి. సినిమాల్లో హింస సమాజాన్ని చెడగొడుతోందా లేదా అని ఆదివారం సాయంత్రం వాళ్ళ క్లబ్ హౌస్‌లో చర్చ. చెడగొడుతోందని మాట్లాడటానికి పదిమంది ఉన్నారట. చెడగొట్టడం లేదని గట్టిగా చెప్పే మనిషి దొరకలేదట. మదీనాగూడలో తనకి ఒక ఖాళీ ఫ్లాటు ఉంది, అమ్మకానికి పెట్టాడు, బుధవారమే వచ్చేసి ఊరు చూడండి అన్నాడు. చెన్నైలో పుట్టి పెరిగిన సినిమావాణ్ణి నేను. హైదరాబాదుకి పరిశ్రమ మారినప్పుడు కూడా రాలేదు. కాబట్టి ఆ ఊరు నాకు విదేశంతో సమానం.

నాలుగో అంతస్తు

బుధవారం పొద్దున్నే లింగంపల్లిలో దిగి, ఆటోలో మదీనాగూడ చేరాను. ఫ్లాటులో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక ప్లాస్టిక్ బకెట్టు. కిటికీ తీస్తే బొంబాయి రోడ్డు హోరు. మూస్తే ఏమీ లేదు.

చీరాలలో మా వీధిలో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో విని, ఎదురింటావిడ మా ఇంట్లో పప్పో మాంసమో చెప్పేస్తుంది. ఎవరి గొంతైనా కాస్త లేస్తే ఐదు నిమిషాల్లో గుమ్మంలో నలుగురు ఉంటారు. తగువు తీర్చడానికి కొందరు, చూడ్డానికి కొందరు. ఇక్కడ తలుపులన్నీ మూసి ఉంటాయి. ఇంట్లో ఎవరున్నారో తెలియాలంటే బయట చెప్పుల స్టాండు చూడాలి. పక్క ఫ్లాటు స్టాండులో ఒక జత మగవాళ్ళ బూట్లు, ఒక జత ఆడవాళ్ళ చెప్పులు. పిల్లల జోళ్ళు లేవు.

తొమ్మిదిన్నరకల్లా పిల్లల బస్సులు, ఆఫీసు కార్లు అన్నీ వెళ్ళిపోయాయి. భవనం డొల్లయింది. పది దాటాక పక్క గోడలోంచి ఒక చప్పుడు వినపడింది. మందంగా, పొట్టిగా, ఎక్కడా మోగకుండా. ఐదారు సార్లు వచ్చి ఆగింది, మళ్ళీ రెండు సార్లు. చప్పుడు వింటే అదేమిటో తేల్చుకోకుండా ఉండలేను, అలవాటు అలాంటిది. దిండ్లు దులుపుతున్నారు అని తేల్చేశాను. బూరుగుదూది దిండు, చెక్క మంచం కోడుకేసి. నా చెవికి వయసు రాలేదని మురిసిపోయాను కూడా. అంత పెద్ద భవనంలో ఇంకో మనిషి ఉన్నందుకు నాకు సంతోషమేసింది.

గురువారం అదే వేళకి మళ్ళీ అదే. కాసేపాగి నేను బయటికి బయల్దేరితే లిఫ్టులో ఆ ఇంటావిడ కలిసింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎండాకాలం, అయినా మణికట్టు దాకా చేతుల జాకెట్టు. కొత్తగా వచ్చారా అండీ అని తనే పలకరించింది. పేరు లలిత, పుట్టిల్లు కాకినాడ. రెండు రోజులుగా నన్ను పలకరించిన మొదటి మనిషి. ఆ ఉత్సాహంలో నా విద్య కాస్త చూపించాలనిపించింది.

"పొద్దున దిండ్లు దులుపుతున్నట్టున్నావమ్మా" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసింది. "అవునండి" అంది. కింది అంతస్తు మీట నొక్కడానికి ఎడమ చెయ్యి లేపబోయి, లేపలేక, సంచీ ఆ చేతిలోకి మార్చుకుని కుడి చేత్తో నొక్కింది. నేను చూశాను. చూసి, వాన వస్తే బాగుండునని ఏదో అన్నాను.

హైటెక్ సిటీ

హఫీజ్‌పేట్‌లో లోకల్ రైలెక్కితే హైటెక్ సిటీ ఎంతో దూరం లేదు. రైలు నిండా జనం. నా జీవితమంతా మనుషుల చెవుల కోసం పనిచేశాను, అక్కడ ఒక్క చెవీ ఖాళీగా లేదు. ప్రతి చెవిలోనూ ఏదో ఒకటి పెట్టుకుని ఉన్నారు. ఒకాయన కాలు తొక్కి క్షమించమన్నాను, ఆయనకి వినపడలేదు, పెదాలు చూసి తలూపాడు. అద్దాల మేడల మధ్య ఎండలో చాలాసేపు నడిచాను. అంతమందిలో అంత ఒంటరితనం నేను చెన్నైలో కూడా ఎరగను.

మధ్యాహ్నం శ్రీధర్ ఆఫీసు నుంచి దిగి వచ్చి రోడ్డు పక్క బండి దగ్గర జొన్నరొట్టె తినిపించాడు. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ చేత్తోనే చరిచి చేస్తోంది. రొట్టె పాతిక రూపాయలు, పచ్చడి ఎంతైనా వేస్తుంది. మా వైపు జొన్నరొట్టె కనుమరుగై ఎన్నాళ్ళయిందో. రెండు తిని, ఆ చరిచే చప్పుడు కోసం మూడోది చెప్పాను.

శ్రీధర్ తన బాధ చెప్పుకున్నాడు. మాది నంద్యాల అంటే చాలు, మీ ఇంట్లో బాంబులు ఎన్నున్నాయని ఆఫీసులో అడుగుతారట. వాళ్ళ నాన్న బ్యాంకు క్యాషియరు, కోడిని కోస్తుంటే చూడలేక పెరట్లోకి పోయే మనిషి. ఎవరో తీసిన ఫ్యాక్షన్ సినిమాలకి మేము జవాబు చెప్పుకోవాల సార్, అన్నాడు. ఆ కొడవళ్ళ చప్పుళ్ళలో సగం నావే. చెప్పలేక ఉల్లిపాయ ముక్క నములుతూ కూర్చున్నాను.

తిరిగొస్తుంటే హఫీజ్‌పేట్ స్టేషను బయట పుట్టినరోజు జరుగుతోంది. మోటారు సైకిలు సీటు మీద కేకు, దాన్ని మోచెయ్యంత కత్తితో కోస్తున్నారు. వెనక గోడ మీద రక్తం పూసుకున్న కథానాయకుడు గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. భయపడి పక్కకి తప్పుకోబోయాను. కత్తి పట్టుకున్నతనే, తీస్కో అంకుల్ అంటూ కాగితం ప్లేటులో ఒక ముక్క పెట్టి ఇచ్చాడు. ఎగ్‌లెస్ అని కూడా చెప్పాడు. చర్చలో వాడుకోవడానికి పనికొస్తుందని మనసులో రాసుకున్నాను.

మునక్కాడల వేట

శుక్రవారం పదింటికి గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చప్పుడు మొదలైంది. అప్పుడు నేనొక పని చేశాను. ఆదివారం చదవాల్సిన ప్రసంగం కాగితాలు తీసి పైకి చదువుకున్నాను, కాస్త గట్టిగా. ఆ చప్పుడు ఆగేదాకా చదివాను. ఇది రాయకుండా దాటవేయాలని చాలాసార్లు అనుకున్నాను.

శనివారం సామాను కొనడానికి తిరిగాను. సభలో నాలుగు మునక్కాడలు విరిచి చూపిస్తే జనం సరదా పడతారు. మదీనాగూడ సూపర్ మార్కెట్‌లో మునక్కాడలు ఉన్నాయి, కానీ ముందే వేలెడు ముక్కలు కోసి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి ఉన్నాయి. అంత ముక్కతో చిటికెనవేలు కూడా విరగదు. నిలువు కాడలు కావాలంటే అక్కడి అమ్మాయి నన్ను వింతగా చూసింది. చివరికి సందులో తోపుడుబండి మీద దొరికాయి. ఒక్కోటి పది రూపాయలు! చీరాలలో అడిగితే పక్కింటివాళ్ళు చెట్టు నుంచి కోసి ఊరికే ఇస్తారు.

సంచీ పట్టుకుని పైకొచ్చేసరికి యాదమ్మ మెట్లు తుడుస్తోంది. ఆ భవనంలో ఆరేళ్ళుగా ఊడ్చే మనిషి. రెండు రోజులుగా నాకు టీ తెచ్చిపెడుతోంది. ఇవాళ పక్కింట్లో దిండ్లు దులపలేదేమిటి అని మామూలుగా అడిగినట్టే అడిగాను. ఆవిడ చీపురు ఆపింది.

"దిండ్లు గాదు సారూ. మనిషిని గొడుతుండు."

నీకెట్లా తెలుసన్నాను.

"నాకు తెల్వదా? మా ఇంట్ల పదేండ్లు విన్న సప్పుడే గది. శని, ఐతారం రాదు సూడు. అందరు ఇండ్లల్ల ఉంటరు గదా, గందుకే."

లలిత భర్త మధ్యాహ్నం ఒంటిగంటకి ఆఫీసు కారెక్కుతాడట. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఆ అంతస్తులో ఇంకెవరూ ఉండరు. ఎవరికైనా చెప్పావా అని అడిగితే, కింది అంతస్తు వాళ్ళకి చెప్పిందట. టీవీలో ఫైటింగులే అన్నారట. ఎక్కువ మాట్లాడితే నా పని వోతది సారూ, అని మళ్ళీ చీపురు అందుకుంది.

శ్రీధర్‌కి ఫోన్ చేశాను. అతను చెడ్డవాడు కాదు. అంతా విన్నాడు. ఆ తర్వాత, అది వాళ్ళ ఇంటి సంగతి సార్, మీరు మంగళవారం వెళ్ళిపోతారు, నేను అక్కడ ఫ్లాటు అమ్ముకోవాల, అన్నాడు. సరే అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అతను అన్నందుకు నాకు కాస్త తేలికగా ఉంది. నేను అనుకుంటున్నదే ఇంకొకరు అన్నారు.

క్లబ్ హౌస్

తెల్లాపూర్‌లో ఆ కమ్యూనిటీ గేటు మా రైల్వే స్టేషను కంటే పెద్దది. శ్రీధర్ నా పేరు కాపలావాళ్ళ ఫోన్‌లోకి ఎక్కించడం మరిచిపోయాడు. చేతిలో క్యాబేజీ, మునక్కాడల సంచీ చూసి, కాపలా అతను కూరగాయల వాళ్ళు వెనక గేటు నుంచి వెళ్ళాలన్నాడు. నేను ముఖ్య అతిథిననీ, ఈ క్యాబేజీ పొడవడానికనీ ఎంత చెప్పినా లాభం లేకపోయింది. వెనక గేటు నుంచే వెళ్ళాను.

చర్చ బాగా జరిగింది. రెండో తరగతి చదివే కొడుకు తోటి పిల్లాడి మెడ మీద వేలు గీసి చంపేస్తానన్నాడని ఒక తల్లి చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఒక కుర్రవాడు లేచి, మూడు గంటలు రక్తం చూసి, పాప్‌కార్న్ తిని, ఇంటికొచ్చి లాగిన్ అవుతాం, మేమేమైనా పిచ్చివాళ్ళమా అన్నాడు. శ్రీధర్ నంద్యాల గురించి మాట్లాడాడు.

నా వంతు వచ్చింది. మునక్కాడ విరిచాను. హాలంతా ఊయ్ అంది. క్యాబేజీ పొడిచాను, తొడ మీద చెంపదెబ్బ కొట్టాను. కత్తితో కేకు కోసి నాకు ఎగ్‌లెస్ ముక్క పెట్టిన కుర్రవాడి గురించి చెబితే విరగబడి నవ్వారు. "ముప్పై నాలుగేళ్ళు వేలమంది ఎముకలు విరిచాను. ఒక్కర్ని కూడా కొట్టలేదు. చూసేవాడికి తెలుసండీ, ఏది కూరగాయో ఏది మనిషో" అన్నాను. చప్పట్లు మోగాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత అంతమంది నా వైపు చూశారు. నాకు బాగుంది.

ముందు వరసలో కూర్చున్న స్కూలు టీచరు ఒకావిడ చెయ్యెత్తింది. మరి నిజంగా మనిషిని కొడితే ఎలా ఉంటుందండీ చప్పుడు, అది చేసి చూపిస్తారా అంది.

చప్పుళ్ళ కోసం తెచ్చుకున్న తడి తువ్వాలు బల్ల మీద ఉంది. దాన్ని మడిచి నా ముంజేతి మీద వేసుకుని, పిడికిలితో కొట్టాను. ఎలా కొట్టాలో ఆలోచించలేదు. మూడు రోజులు విన్న చప్పుడు చేతికి దానంతటదే వచ్చింది. మందంగా, పొట్టిగా. ఐదు సార్లు, ఆగి, రెండు సార్లు.

వెనక వరసల నుంచి వినపడలేదు సార్ అన్నారు. మైకు దగ్గర పెట్టి మళ్ళీ కొట్టాను. ఏం రాలేదు సార్, ఇంకోసారి, అన్నారు. ఎవరో నవ్వారు. మైకులో లోపం ఉన్నట్టుందని అధ్యక్షుడు సర్ది చెప్పి ఓటింగుకి వెళ్ళిపోయాడు. మా పక్షమే గెలిచింది. శాలువా కప్పారు.

శ్రీధర్ కారులో దింపుతూ సభ ఎంత బాగా జరిగిందో చెబుతూనే ఉన్నాడు. నా ఒళ్ళంతా సిగ్గుతో మండుతోంది. సినిమా చూసి జనం కొడతారా కొట్టరా అని గంటన్నర వాదించుకున్నాం. మా చప్పుళ్ళు విని విని అసలు దెబ్బ ఎవరి చెవికీ ఆనకుండా పోయిందని ఒక్కరూ అనలేదు. అనవలసిన వాణ్ణి నేను. మూడు పొద్దులు గోడ పక్కన కూర్చుని విన్నవాణ్ణి.

సోమవారం పది గంటలు

సోమవారం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను, ఎవరింటికో పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా. మొదటి దెబ్బ వినగానే వెళ్ళి గంట కొట్టాను.  తలుపు తియ్యకపోతే మళ్ళీ కొట్టాను, వేలు తియ్యకుండా.

అతను తలుపు తీశాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్న కుర్రవాడు, మెడలో ఆఫీసు హెడ్‌ఫోను. ఏం కావాలి అంకుల్ అన్నాడు చాలా మర్యాదగా. పక్క ఫ్లాటులో ఉంటున్నానని, చప్పుడు వినపడి వచ్చానని చెప్పాను.

"సారీ అంకుల్, టీవీ అండి. ఫైట్ సీను. సౌండు తగ్గిస్తాను."

"టీవీలో ఆ చప్పుళ్ళు చేసేది నేనే బాబూ" అన్నాను. "ఇది అది కాదు."

  ఆ తర్వాత ఏం చెయ్యాలో నేను ఆలోచించుకుని రాలేదు. అప్పుడు అతని వెనక లలిత కనిపించింది. "అమ్మా, నాకు వినపడింది" అన్నాను ఆవిడతో. ఆవిడ నన్ను చూసింది, అతన్ని చూసింది, గోడవారగా నడిచి వచ్చి, గడప దాటి నా పక్కన నిలబడింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. అతను చెయ్యి చాచబోతుంటే మెట్ల మీద నుంచి యాదమ్మ చీపురుతో సహా వచ్చి మా ముందు నిలబడింది. పని పోతుందన్న మనిషి. అతను తలుపు వేసేసుకున్నాడు. ఒంటిగంటకి మామూలుగానే కారు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

లలిత మా ఫ్లాటులో ఆ ఒక్క కుర్చీలో కూర్చుని కాకినాడలో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేసింది. అంతకుముందు రెండుసార్లు చెప్పిందట. ఇరుగుపొరుగు ఒక్కరికీ వినపడనిది నిజమెలా అవుతుందే, నువ్వు ఊరికే బెంబేలు పడుతున్నావు అన్నాడట ఆయన. ఆవిడ భర్త కూడా ఆయనకి అదే చెప్పాడట. ఫోను నా చేతికిచ్చింది. నేను ఎవరినో, ఏ పని చేసేవాణ్ణో చెప్పి, నేను విన్నానండీ అన్నాను.  ఆయన రేపు పొద్దున్నకి అక్కడ ఉంటానన్నాడు. అప్పటిదాకా యాదమ్మ ఆవిడని వదల్లేదు, తన ఇంటికే తీసుకెళ్ళింది.

లిఫ్టు దగ్గర

మంగళవారం తెల్లవారాక అన్నయ్య వచ్చాడు. పెద్దమనిషి, తల వంచుకునే ఉన్నాడు. యాదమ్మ లలితని తీసుకొచ్చింది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ వెళ్ళి ఒక సూట్‌కేసు సర్దుకొచ్చారు. ఆవిడ భర్త గది తలుపు వేసుకుని బయటికి రాలేదట. ముందు పోలీస్ స్టేషనుకి, అక్కణ్ణించి కాకినాడకి అని అన్నయ్య చెప్పాడు. నా చేతులు రెండూ పట్టుకుని, దేవుడిలా వచ్చారండీ, మీరు లేకపోతే ఏమయ్యేదో అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి.  నిజానికి ఆ మాట వినడానికి బాగానే ఉంది.

లిఫ్టు వచ్చింది. ఆయన సూట్‌కేసు లోపల పెట్టాడు. లలిత లోపలికి వెళ్ళలేదు.

"మీరు బుధవారం వచ్చారు కదండీ" అంది. "ఆ రోజు కూడా వినపడిందా?"

లేదనొచ్చు. మొదటి రోజు నిజంగా నాకు తెలియదు. కానీ లిఫ్టులో ఆవిడ చెయ్యి చూశాక తెలుసు, శుక్రవారం కాగితాలు పైకి చదువుతున్నప్పుడు తెలుసు, యాదమ్మ చెప్పాక తెలుసు. ఆవిడ అడుగుతున్నది బుధవారం గురించి కాదు.

"వినపడిందమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు నన్నే చూస్తూ నిలబడింది. ఆ మొహంలో కోపం ఉంటుందేమోనని వెతికాను. ఉంటే నాకు బాగుండేది.

"సరేనండి" అని లిఫ్టులోకి వెళ్ళిపోయింది.